దేవదానం సార్ ఆడిన అబద్ధం

ఈ నెల రేషన్ దుకాణంలో మిషను నా వేలిని ఒప్పుకోలేదు. ఉస్మాన్‌గంజ్ హోల్‌సేల్ దుకాణాల్లో వయసంతా గోనెబస్తాలు లాగి, కాంటాకెత్తి, దించీ దించీ వేలిముద్రలు అరిగిపోయాయి. పెట్టిన ప్రతిసారీ ఎర్రలైటు, కీచుమని ఒక చప్పుడు. "మామా, వేలు నెత్తికి రుద్దుకో, నూనె అంటితె పడ్తది" అన్నాడు దుకాణంలో కూర్చున్నతను. "మామకు నెత్తిల వెంట్రుకలేయి భాయ్, నూనె యాడికెళ్లొస్తది?" అని లైన్లో వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. చివరికి పచ్చలైటు వెలిగింది. సన్నబియ్యం జలజలా సంచిలో పడ్డాయి, కొత్త బియ్యపు పచ్చివాసన ముక్కుకు తగిలింది. కానీ ఇంటికొచ్చి సంచి దింపాక కూడా నాకు భయం పోలేదు. ఆకలి భయం కాదది. మిషను ఒక్కసారి కాదంటే, ఆ మాట తిప్పించడానికి మనిషి ఎంత తిరగాలో, ఎంత తగ్గాలో నేను కళ్లారా చూశాను. చూసిన రోజుల్లో నా పక్కన దేవదానం సార్ ఉన్నారు.

మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. కంచన్‌బాగ్‌లో ఒక సర్కారు కార్ఖానాలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. లాల్‌దర్వాజాలో మా గల్లీ మలుపు దగ్గర రెండు గదుల్లో కిరాయికి ఉండేవారు. భార్య పోయాక ఒక్కరే. పొట్టి చేతుల తెల్లచొక్కా, జేబులో కళ్లజోడు, ఆదివారం పొద్దున చర్చి, తిరిగి వస్తూ చాయ్ హోటల్లో పేపరు. అక్కడే నన్ను పట్టుకున్నారు. నేను బడికి పోయినవాణ్ణి కాదు. బస్తాల మీద నల్లరంగుతో కొట్టే ఊర్ల పేర్లు, మార్కాలు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే నాకు నిజామాబాద్ ముందు వచ్చింది, అమ్మ, ఆవు చాలా తర్వాత వచ్చాయి. ఆ రోజు హోటల్లో పేపరు పెద్ద అక్షరాలు మాత్రం గట్టిగా చదివి పేజీ తిప్పుతుంటే ఆయన ఆపారు. "రాజయ్యా, పేపరును బస్తా లెక్క చదువుతవేందయ్యా? మార్కా చూసి పక్కకు పెడ్తున్నవ్. లోపల సరుకేమున్నదో చూడవా?" అన్నారు. నాకు సిగ్గేసింది, కోపం కూడా వచ్చింది. మరుసటి ఆదివారం మాత్రం ఆయనకంటే ముందు వెళ్లి కూర్చున్నాను. నేను ఇవాళ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆ బెంచీ మీద మొదలైందే.

ఆయనకో గర్వం ఉండేది. పన్ను కట్టే మనిషినని గర్వం. ఏటా ఇన్‌కంటాక్సు రిటర్ను వేసిన రోజు అఫ్జల్‌గంజ్ నుంచి జిలేబీ పట్టుకొచ్చి గల్లీలో పంచేవారు. "ఈ సాల్ రోడ్డు నేను ఏయించిన, తినుండ్రి" అనేవారు. బండి మీద ఇడ్లీలమ్మే యాదమ్మ జిలేబీ తీసుకుంటూనే, "రోడ్డు ఏసినవ్ సార్, మోరీ మాత్రం మర్చినవ్. ఎండాకాలం గూడ పొంగుతున్నది" అని అంటించేది. "వచ్చే సాల్ మోరీ!" అని ఆయన చెయ్యెత్తి మాటిచ్చేవారు. యాదమ్మ మొగుడు సెంట్రింగు పనిలో పైనుంచి పడి చనిపోయాడు. ఇంట్లో మంచంలో ఉన్న అత్త, ఈమె. ఇడ్లీబండి, వితంతు పింఛను, రేషన్ కార్డు, ఈ మూడింటి మీద ఆ ఇల్లు నిలబడింది.

సార్‌కు ఇంకో అలవాటు. బడ్జెట్ మర్నాడు పొద్దున్నే ఆయన గుమ్మం ముందు రాతి అరుగు మీద బజారు పరిచేవారు. ప్రతి ఇంటి నుంచి ఒక వస్తువు రావాలి. ఒకరు సబ్బుబిళ్ల, ఒకరు చెప్పులజత, ఒకరు అగ్గిపెట్టె, ఒకరు నూనె ప్యాకెట్టు పట్టుకొచ్చి పెట్టేవారు. ఆయన పేపరు చూసి, ధర పెరిగేదాన్ని ఎడమకు, తగ్గేదాన్ని కుడికి జరిపేవారు. మార్చకుండా వదిలేసినవి మధ్యలో ఉండేవి. పార్లమెంటులో చదివిన మాట మా వంటింట్లో ఎక్కడ తగులుతుందో మాకు అట్లా కనిపించేది. ఒక ఏడు ఆ దారిన పోతున్న గంజ్ సేటు ఒకాయన ఆగి, "ఇవన్నీ ఎందుకు సాబ్? మేము టాక్సు కడ్తే వీళ్లకు ఫ్రీ బియ్యం. ట్యాక్స్ హమారా, చావల్ ఇన్‌కా!" అన్నాడు. సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అరుగు మీదున్న సబ్బుబిళ్ల తీసి సేటు చేతిలో పెట్టారు. "ఇది యాదమ్మది. దీంట్లో పన్నుంది. ఆ చెప్పులల్ల ఉంది. ఆ నూనెల ఉంది. ఆమె కడ్తనే ఉన్నది సేటూ, రసీదు ఇచ్చేటోడే లేడు. నాకైతే రసీదు ఇస్తరు, జిలేబీ పంచుకుంట." సేటు సబ్బు అక్కడ పెట్టి, నవ్వేసి పోయాడు. నేను మాత్రం ఆ రోజు నవ్వలేదు. అప్పటిదాకా నేనూ ఆ సేటు మాటే నమ్మాను. నేను తినే బియ్యం ఎవరో దయతలిస్తే వస్తున్నాయనుకుని తల వంచుకుని లైన్లో నిలబడేవాణ్ణి. ఆ సబ్బుబిళ్ల చూశాక నా మెడ కొంచెం నిక్కింది. ఇవాళ్టికీ దిగలేదు, దాంతో తగాదాలు కూడా వచ్చాయి.

తర్వాత పన్నుల తీరే మారిపోయింది. సబ్బు సంగతి, చెప్పుల సంగతి బడ్జెట్‌లో ఉండటం మానేసింది. ఏడాదిలో ఎప్పుడో, ఎక్కడో కూర్చుని తేలుస్తారు. ఆ ఏడు కూడా సార్ అరుగు తుడిచి కూర్చున్నారు. వస్తువులు వచ్చాయి. పేపరంతా వెతికారు, వాటిలో ఒక్కదాని పేరూ లేదు. అన్నీ మధ్యలోనే ఉండిపోయాయి. సాయంత్రం ఎవరి వస్తువు వాళ్లు తీసుకుపోయారు. "నాకు తెలిసిన సర్కారు ఇది కాదు రాజయ్యా" అన్నారాయన. ఆ మాట నేను అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. గంజ్‌లో మాత్రం మాకు ఒక్కో తమాషా తెలుస్తూ ఉండేది. పేరు అచ్చేసిన బియ్యపు సంచి ఇరవై అయిదు కిలోల లోపయితే పన్ను, దాటితే లేదు. వెంటనే ఇరవై ఆరు కిలోల సంచులు దిగాయి. కాంటా నేనే పెట్టేవాణ్ణి, నాకు తెలుసు. ఒక్కసారే పెద్ద సంచి కొనే తాహతున్నవాడికి పన్ను తప్పింది. అయిదు కిలోల సంచి కొనేవాడి మీద పడింది. దీన్ని ఏమంటారో నేను చదివిన పేపర్లలో ఎక్కడా రాయలేదు.

యాదమ్మ చేతులకు నొప్పులు మొదలయ్యాయి. రోట్లో రుబ్బడం ఇక కాదంది. పెద్ద గ్రైండరు కావాలి. ఫైనాన్సు వాళ్లు రిటర్ను ఉంటేనే లోన్ అన్నారు. సార్ మొహం వెలిగిపోయింది. "రిటర్ను ఎందుకెయ్యవద్దు? నువ్వు గూడ ఈ దేశానికి లెక్క జెప్పే మనిషివే" అని తానే ఆమెను, నన్ను వెంటబెట్టుకుని అఫ్జల్‌గంజ్‌లో పన్ను కాగితాలు చేసే మనిషి దగ్గరికి తీసుకెళ్లారు. అతను అంతా విని, "ఉన్నదున్నట్టు రాస్తే లోన్ రాదు సార్. ఆదాయం జర పెంచుదాం. టాక్సు పడే హద్దు మస్తు పైన ఉంది, ఆమెకు ఒక్క పైసా పడది" అన్నాడు. సార్ కొంచెంసేపు ఆలోచించారు. ఉన్నవాళ్లు ఆదాయం దాచుకుని తక్కువ రాసుకుంటారు. లేని మనిషికి ఎక్కువ రాయడంలో ఆయనకు దొంగతనం కనపడలేదు, మర్యాద కనపడింది. "రాయి. తెల్లారక ముందు లేచే మనిషి. ఆమె కష్టానికి ఆ మాత్రం ధర కట్టొచ్చు" అన్నారు. యాదమ్మ తన పేరు మీద వచ్చిన కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, "ఇంత సంపాదిస్తున్ననా సార్ నేను? మరి యాడికి పోతున్నయ్ పైసలు?" అని నవ్వింది. ఆ ఏడు జిలేబీ ఆమె పంచింది.

సార్ చేసిన పొరపాటు ఆయన కాలానిది. ఒక అంతస్తు నుంచి పై అంతస్తుకు ఫైలు పోవాలంటే నెలలు పట్టే సర్కారులో ఆయన పనిచేశారు. ఒక ఆఫీసుకు చెప్పిన మాట ఇంకో ఆఫీసుకు వినపడదనే ఆయన నమ్మకం. ఇప్పుడు వినపడుతుంది. గ్రైండరు వచ్చింది, ఇడ్లీలు పెరిగాయి, కిస్తీలు నడిచాయి. ఒక నెల యాదమ్మ రేషన్ దుకాణానికి వెళితే కార్డు రద్దయిందన్నారు. ఆ వెనకే పింఛను ఆగింది. ఆదాయం కార్డు హద్దు దాటిందట, ఆ హద్దు పన్ను హద్దు కంటే చాలా కింద ఉంటుందట. ఎవరు చెప్పారు? ఆమే చెప్పుకుంది, కాగితం మీద.

బయటివాళ్లకు ఇది పది పదిహేను కిలోల బియ్యం సంగతి. ఆ ఇంటికి కాదు. తాము తినాల్సిన రేషన్ బియ్యంలోంచే ఆమె కొంత ఇడ్లీకి నానబోసేది. "నా కడుపుల కెళ్లి తీసి నేను అమ్ముకుంటున్న. గవర్నమెంటుకేం నొప్పన్నా?" అని నాతో ఒకసారి అంది. ఆ బియ్యమే ఆమె కూడు, ఆమె పెట్టుబడి. పింఛను పైసలు అత్త మందులకు. ఇప్పుడు బియ్యం కొనాలి, మందులు కొనాలి, కిస్తీ కట్టాలి. ఇడ్లీ ధర పెంచితే పక్క గల్లీ బండికి పోతారు. కొన్నాళ్లకు అత్తకు మాత్ర రోజు విడిచి రోజు వేస్తోందని మా ఇంట్లో ఆడవాళ్లకు తెలిసింది. సార్ ఆమె బండి ముందునుంచి నడవడం మానేశారు. ఒక పొద్దున ఆమే ఎదురుపడి నిలబడింది. "ఏంది సార్, దాక్కుంటున్నవ్? నన్ను గొప్పదాన్ని జేస్తివి గద. గొప్పోళ్లు ఏం తింటరో అది గూడ జెప్పి పోవాలె" అంది.  ఆ తర్వాత నెలల తరబడి ఆమె ఆయనతో మాట్లాడలేదు.

రేషన్ ఆఫీసుకు సార్‌తో పాటు నేనూ వెళ్లాను. కుర్చీలో ఉన్నాయన చెడ్డవాడేం కాదు, మంచినీళ్లిప్పించాడు. అంతా విని ఒక్కటే అడిగాడు. "పెద్దాయనా, రిటర్న్‌లో ఉన్నది నిజమా, అబద్ధమా? నిజమైతే ఆమె బీదమనిషి కాదు, కార్డు రాదు. అబద్ధమైతే తప్పు లెక్క ఇచ్చినట్టు, అది ఇంకా పెద్ద లొల్లి. ఏదో ఒకటి చెప్పండి." సార్ తాను కూర్చున్న కుర్చీ అంచు పట్టుకున్నారు. జీవితమంతా నిజం చెప్పిన మనిషికి నిజం చెప్పే దారి మూసేశారు. నాకు ఒళ్లు మండింది. "ఆమె ఇంటికొచ్చి చూడుండ్రి సార్! కాయితం ఎందుకు, మనిషినే చూడుండ్రి" అని అరిచాను. ఆయన విసుక్కోలేదు. "విచారణకు పంపిస్తం" అన్నాడు.

వచ్చేది ఎప్పుడో చెప్పలేదు. అప్పటినుంచి గల్లీలో కొత్త మనిషి కనిపిస్తే మాకు గుండె దడ. యాదమ్మ ఇంట్లో గ్రైండరు దాచడానికి మంచం కింద కూడా జాగా లేదు. అది చూస్తే విచారణ అక్కడితో ఆఖరు. నేనే అన్నాను, "సార్, మీకు కార్డు లేదు, పోయేది లేదు. మీ ఇంట్ల పెడదాం." ఆయన ఒప్పుకోలేదు. "దాచుడెందుకు? ఉన్నదున్నట్టు చెప్పి అర్థం చేయిద్దాం." అన్ని ఏళ్లలో ఆయన మాటకు నేను మొదటిసారి అడ్డం తిరిగాను. "మీరు చెప్పిన మాటే ఆమె మెడకు చుట్టుకున్నది సార్. ఈసారి నా మాట వినుండ్రి" అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆయన లేచి తలుపు రెండో రెక్క కూడా తీశారు. గ్రైండరు లోపలికి వచ్చింది.

విచారణకు వచ్చినతను యాదమ్మ గది చూశాడు, మంచంలో ఉన్న అత్తను చూశాడు. సాక్ష్యానికి చుట్టుపక్కల వాళ్లను అడగాలని సార్ ఇంట్లోకి వచ్చాడు. పొద్దున రుబ్బిన తడి ఇంకా ఆరని గ్రైండరు గది మధ్యలో ఉంది. "ఇది ఎవరిది సార్?" అన్నాడు. నేను గోడవైపు చూశాను.

"నాది" అన్నారు దేవదానం సార్.

"ఇంట్లో ఎంతమంది?"

"నేనొక్కణ్ణే."

"ఒక్కరికి ఇంత పెద్దదా?"

"ఇడ్లీలు ఇష్టం."

అతను గ్రైండరును చూశాడు, ఆయన్ని చూశాడు. సార్ మళ్లీ అన్నారు, "మస్తు ఇష్టం." అతను తలవంచి ఏదో రాసుకున్నాడు. నమ్మాడో, జాలిపడ్డాడో నాకు ఇప్పటికీ తెలియదు. అతను మలుపు తిరిగిపోయాక యాదమ్మ లోటాతో నీళ్లు తెచ్చింది. "సార్, అబద్ధం నీకు జర గూడ రాదు. చెవులు ఎర్రగైనయ్" అంది. అన్ని నెలల తర్వాత ఆయనతో ఆమె మాట్లాడిన మాట అది. ఆయన నీళ్లు తాగి, లోటా ఒళ్లో పెట్టుకుని అన్నారు. "నేర్చుకునే పని పడలేదమ్మా. నా పన్ను జీతంలనే కోసి ఇస్తుండ్రి. దాచుదామన్నా చేతికి రాకపోయేది. నిజం చెప్పుడు నాకెన్నడూ ఖర్చు కాలేదు. అది నా గొప్ప అనుకున్న."

కార్డు తిరిగి వచ్చింది. పింఛను రాలేదు, పరిశీలనలో ఉందని ఇప్పటికీ అంటున్నారు. గ్రైండరు మాత్రం వెనక్కి పోలేదు. ఎవరైనా మళ్లీ వచ్చి చూస్తారేమోనని యాదమ్మ పప్పు, బియ్యం నానబెట్టుకుని రోజూ సార్ ఇంటికే వచ్చి రుబ్బుకునేది. ఆ చప్పుడుకు ఆయన నిద్ర తెల్లారకముందే పోయేది. బండి తోసుకుపోతూ ఆమె నాలుగు ఇడ్లీలు పెట్టి పోయేది. నిజానికి ఇడ్లీ ఆయనకు సహించదు, జొన్నరొట్టె మనిషి. చెప్పిన మాటకు కట్టుబడి తిన్నారు. "రాజయ్యా, ఈ సాల్ రిటర్న్‌ల గ్రైండరు గూడ చూపెట్టాల్నా?" అని ఒకనాడు నన్ను అడిగారు. నవ్వుతూనే అడిగారు, కళ్లల్లో భయం ఉంది. ఆ ఏడాది నుంచి జిలేబీ లేదు.

ఆయన పోయాక ఇల్లు ఖాళీ చేయడానికి అన్న కొడుకు వచ్చాడు. మంచివాడు, పద్ధతైన మనిషి. మంచం, బీరువా, గ్యాసుపొయ్యి అన్నీ ట్రాలీ ఆటోకెక్కించాడు. గ్రైండరు కూడా ఎత్తమన్నాడు. గల్లీ అంతా చూస్తోంది. నేను "బాబూ, అది..." అని మొదలుపెట్టాను. యాదమ్మ నా మోచేయి గట్టిగా పట్టుకుంది. "వద్దన్నా. నలుగురిల అంటే నాలుగు దిక్కులు పోతది. కార్డు వోతే మళ్ల ఎవరున్నరు తెచ్చేటందుకు?" అంది చెవిలో. ముందుకెళ్లి, కొంగు ముడి విప్పుతూ, "బాబూ, అది నాకు అమ్ముతవా? పాతదే గద, జర చూసి చెప్పు" అని బేరం మొదలుపెట్టింది. అతను న్యాయమైన ధరే చెప్పాడు. కొన్ననాడు పన్ను కట్టింది, కిస్తీల్లో వడ్డీ కట్టింది, ఇప్పుడు తన గ్రైండరును తానే మళ్లీ కొనుక్కుంది. అతను తెలియక, "బాబాయ్ గుర్తుగా ఉంటది అక్కా" అన్నాడు. "ఉంటది బాబూ" అంది.

ఆ రోజు రాని కోపం ఆ తర్వాత వచ్చింది, పోలేదు. ఉచితాలు తిని జనం పాడవుతున్నారని ఎవరైనా అంటే నేను గొంతు పెంచుతాను. ముసలోడికి పిచ్చి అంటారు, అననీ. సార్ నాకు అక్షరం ఇచ్చారు, మెడ ఎత్తడం ఇచ్చారు, చివరికి తన తప్పును కూడా నాకే ఇచ్చి వెళ్లారు. ఇప్పుడు గల్లీలో ఎవరు లోన్ పెట్టాలన్నా, దరఖాస్తు వేయాలన్నా నా దగ్గరికి వస్తారు. మొన్న ఒక కుట్టుపని అమ్మాయి రిటర్న్ వేయాలా వద్దా అని అడగడానికి వచ్చింది. కళ్లజోడు పెట్టుకుని కాగితం అందుకోబోయి ఆగాను. "అది తర్వాత చూద్దాం బిడ్డా. ముందు మీ ఇంట్ల ఎవరెవరున్నరు, ఎవరికి ఎక్కడికెళ్లి ఏం వస్తది, అది లేకుంటే ఆ రోజు పొయ్యి మీద ఏముంటదో చెప్పు" అన్నాను. ఆ అమ్మాయి వేళ్లు మడుస్తూ చెప్పడం మొదలుపెట్టింది. నేను వింటూ కూర్చున్నాను. అంతా విన్నాక కూడా ఏం చెప్పాలో నాకు తెలియదు. తెలిసినట్టు మాత్రం చెప్పను.